పుట్టింటి నిద్ర

నెలలు నిండేకొద్దీ నిద్ర పట్టడం లేదని అనని తల్లి ఉండదు. కడుపు బరువు, నడుంనొప్పి, అర్ధరాత్రి పిక్కలు పట్టెయ్యడం, గంటకోసారి లేవాల్సి రావడం. ఇవన్నీ మన అమ్మమ్మలకూ ఉన్నవే. మరి వాళ్ళకి నిద్ర ఎక్కడ దొరికింది? ఈవేళ ఆ సంగతి చెప్పుకుందాం.

మా పుట్టిల్లు రేపల్లె దగ్గర నగరం. పేరుకే నగరం గాని పల్లెటూరే. మా వైపు మొదటి కాన్పు పుట్టింటివారిది. మంచిరోజు చూసి, చలిమిడి పెట్టి, పిల్లను ఇంటికి తెచ్చుకునేవారు. దాన్ని వట్టి వేడుక అనుకుంటాం గాని అందులో పెద్ద ఉపకారమే ఉంది. అత్తవారింట్లో కోడలు అందరికన్నా ముందు లేవాలి, అందరికన్నా వెనక పడుకోవాలి. పగటిపూట కాస్త నడుం వాలిస్తే బద్ధకం అంటారు. అదే పుట్టింట్లో అయితే కళ్ళాపి చల్లేది అమ్మ, నీళ్ళు తోడేది వదిన. అక్కడా పడక నులకమంచమే. అయినా నిద్ర పట్టేది, ఎందుకంటే తన పని ఇంకొకరు అందుకున్నారు.

అయితే ఆ వదిన కూడా కడుపుతో ఉంటే? ఆవిడ నిద్ర సంగతి ఎవరూ అడగలేదు. రెండో కాన్పు, మూడో కాన్పు చాలామందికి అత్తవారింటి చాకిరీలోనే గడిచిపోయాయి. ఇక మోకాలి లోతు బురదలో నాట్లు వేసే కూలి తల్లికి పుట్టిల్లైనా, అత్తిల్లైనా తెల్లవారితే పొలమే.

తరవాత రోజులు మారాయి. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అనే ఆవిడ 1898లో అక్కడ ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి తెరిచారు. 1916లో రేపల్లెకి రైలు వచ్చింది. కష్టమైన కాన్పుకి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే దారి ఏర్పడింది. కాని కాన్పుకి ముందు గడిచే రాత్రుల సంగతి ఇంటివాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది.

ఆ విశ్రాంతిని చట్టంలో రాయాలని 1919లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ కార్మిక సభ తీర్మానించింది. కాన్పుకి ముందు ఆరు వారాలు, తరవాత ఆరు వారాలు సెలవు అన్నారు. మన దేశంలో బొంబాయి 1929లో చట్టం చేసింది. అప్పట్లో మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉంది గదా, అక్కడ 1934 నాటి చట్టం వచ్చింది. 1961లో దేశం మొత్తానికి 12 వారాలు, 2017లో ఇద్దరు బిడ్డల వరకు 26 వారాలు చేశారు. సంతోషమే. కాని ఈ సెలవు ఉద్యోగాలు చేసేవారికి. ఇంట్లో వంట చేసే తల్లికి సెలవు చీటీ ఎవరిస్తారు?

నా రెండో కాన్పు తెనాలిలో మా అత్తవారింట్లోనే. తెల్లవారుజామున కుళాయి వచ్చే వేళకి లేవాలి. ఎనిమిదో నెలలో ఒక రాత్రి వెల్లకిలా పడుకున్నదాన్ని, కళ్ళు తిరిగి చెమటలు పట్టేశాయి. మా అత్తగారు చూసి నన్ను ఎడమపక్కకి తిప్పారు. కాసేపటికి సర్దుకుంది. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు బిందెలు తీసుకుని కుళాయి దగ్గరికి తనే వెళ్ళారు. కాన్పయ్యేదాకా మళ్ళీ నన్ను వెళ్ళనివ్వలేదు.

ఆవిడ చేసింది సరైన పనే. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు కింది భాగం నుంచి గుండెకి నెత్తురు తెచ్చే పెద్ద సిరను నొక్కుతుంది. అందుకే కళ్ళు తిరగడం. అమెరికా డాక్టర్లు 1953లోనే దీన్ని వివరించారు. కొన్ని దేశాల పరిశోధనలు కలిపి చూసి 2019లో ఇంకో మాట చెప్పారు. 28 వారాలు దాటాక వెల్లకిలా నిద్రకి ఉపక్రమించేవారిలో బిడ్డ కడుపులోనే పోయే ప్రమాదం రెట్టింపు కన్నా ఎక్కువట. అసలు ప్రమాదమే తక్కువ కనక హడలిపోనక్కర్లేదు. ఎడమైనా కుడైనా పక్కకి తిరిగి పడుకుంటే చాలు. మధ్యలో మెలకువ వచ్చి వెల్లకిలా ఉంటే మళ్ళీ పక్కకి తిరగండి. మోకాళ్ళ మధ్య ఓ దిండు పెట్టుకుంటే నడుముకి సుఖం.

లేచి కూర్చోకుండా పక్క మారితే బొడ్డుపేగు బిడ్డ మెడకి చుట్టుకుంటుందని మా పెద్దవాళ్ళు భయపెట్టేవారు. అది నిజం కాదు. బిడ్డ లోపల తిరగడం వల్ల పేగు చుట్టుకుంటుంది గాని తల్లి కదలిక వల్ల కాదు. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేసుకోకండి. తలనొప్పి, ముఖం వాపు, అరిచేతుల దురద ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా ఆరోజే డాక్టరుకి చూపించండి.

మీ ఇంట్లో నెలలు నిండిన కోడలో, కూతురో, పనిమనిషో ఉంటే రేపు పొద్దున ఆ బిందె మీరు అందుకోండి. పుట్టింటి నిద్ర ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది.