పేగు చిల్లు, వరంగల్ దారి

కడుపు చెక్కలా బిగుసుకుపోయిందంటే సర్జన్ ముందు గడియారం చూస్తాడు. అల్సర్ పగిలినా, టైఫాయిడ్ పుండు పేగుకు చిల్లు పెట్టినా, అపెండిక్స్ చిట్లినా లోపలి ఆమ్లం, మలం, క్రిములు పేగులను కప్పి ఉంచే పల్చని పొర మీద పడతాయి. ఆ పొరకు సోకే జబ్బే పెరిటోనైటిస్. గంటలు గడిచేకొద్దీ చీము కడుపంతా పాకుతుంది, విషం రక్తంలోకి ఎక్కుతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో ఈ జబ్బు చరిత్ర చాలావరకు దారి చరిత్రే.

చిల్లు మూయాలన్న ఆలోచన మాత్రం చాలా పాతది. బొడ్డు కింద ఎడమ పక్కన కోసి, పేగులు బయటికి తీసి, చిల్లు అంచులను నల్లచీమల చేత కరిపించమంటుంది సుశ్రుత సంహిత. చీమల మొండేలు తుంచేస్తే తలలే కుట్లుగా మిగిలేవి. మత్తు లేకుండా ఆ కోతను తట్టుకోవడం ఊహకు కూడా కష్టం. మత్తు సంగతి తేల్చాలని నిజాం ప్రభుత్వ అండతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889ల్లో హైదరాబాదులో రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపించాడు. క్లోరోఫాం గుండెకు హాని చేయదన్న వాటి తీర్మానం తర్వాత నిలవలేదు, కానీ ప్రపంచమంతా వాటి గురించి చర్చించింది. 1892లో జర్మనీలో సర్జన్ లుడ్విగ్ హ్యూస్నర్ పగిలిన అల్సర్‌ను కుట్టి రోగిని బతికించాడు.

మందు తర్వాత వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన లెడర్లీ కంపెనీలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనుగొన్నాడు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. టైఫాయిడ్‌కు క్లోరాంఫెనికాల్ పనిచేస్తుందని తేలిందీ ఆ ఏడే.

అయితే ఎంత గొప్ప మందైనా చిల్లు మూయలేదు. పల్లెలో ఆర్ఎంపీ ఇచ్చిన నొప్పి సూదితో బాధ కాస్త అణగుతుంది, లోపల చీము పెరుగుతూనే ఉంటుంది. ఎక్స్‌రేలో డయాఫ్రం కింద గాలి ఉందేమో చూడాలి, కడుపు తెరవాలి, ఉప్పునీటితో కడగాలి, చిల్లు మూయాలి. అందుకు థియేటర్, మత్తు డాక్టర్, రక్తం కావాలి.

1959లో కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చాక ఇవన్నీ దొరికే చోటు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి. మూడు పట్టణాల నుంచీ రమారమి 50 నుంచి 70 కిలోమీటర్లు. జనగామకు, మహబూబాబాద్‌కు రైలుంది, భూపాలపల్లికి అదీ లేదు. ఊరి నుంచి బండి మీద రోడ్డెక్కే సరికే విలువైన గంటలు కరిగిపోయేవి. 2005లో మొదలైన 108 అంబులెన్సులు ఆ గంటలను తగ్గించాయి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదవాడి ఆపరేషన్ ఖర్చు మోసింది.

2016 అక్టోబరు 11న ఈ మూడూ జిల్లాలయ్యాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరుచుకున్నాయి. రాత్రి రెండు గంటలకు అక్కడ సర్జన్, మత్తు డాక్టర్ ఇద్దరూ ఉంటేనే పగిలిన పేగుతో వచ్చినవాడు వరంగల్ దాకా పోనక్కర్లేదు.