ఒకే గాటన కట్టలేని కోపాలు

ఆ మధ్య ఒక సాహిత్య పాఠశాలలో అమెరికా నల్లజాతి సాహిత్యం గురించి మాట్లాడుతుంటే ఒక విద్యార్థి మిత్రుడు లేచి అడిగాడు: "నల్లవాళ్లతో ప్రేమలూ పెళ్లిళ్లూ తెల్లవాళ్లలో కొందరికి గిట్టవు. తెల్లవాళ్లతో అయితే నల్లవాళ్లలోనూ కొందరికి గిట్టవు. రెండూ జాతి దురభిమానాలే కదా! ఎవరి ఇష్టాయిష్టాలు వాళ్లవి. ఇందులోకి చరిత్ర ఎందుకు?" నిజాయితీగా అడిగిన ప్రశ్నే. సభలో చాలామంది తలలూపారు కూడా. ఆరోజు వేళ మించిపోయి అరకొరగా ఇచ్చిన జవాబును ఇక్కడ కొంచెం వివరంగా చెప్పదలచుకున్నాను.

ఆ రెండు కోపాలూ ఒకటి కావు. మొదటిది ఆస్తి చేజారుతుందన్న భయం. రెండోది మానని గాయం. ఇది తెలియాలంటే హృదయాల దగ్గర కాదు, శాసనాల దగ్గర మొదలుపెట్టాలి.

వర్జీనియా వలసలో 1662లో ఒక శాసనం చేశారు. పుట్టిన బిడ్డ బానిసా, స్వతంత్రుడా అన్నది తల్లి స్థితిని బట్టి తేలుతుంది. ఇంగ్లండు సంప్రదాయంలో బిడ్డకు తండ్రి స్థితి వచ్చేది. దాన్ని ఇక్కడ తలకిందులు చేశారు. ఎందుకు? బానిస స్త్రీకి యజమాని వల్ల పుట్టిన బిడ్డ వారసుడు కాకూడదు, సరుకు కావాలి. అంటే యజమాని చేసిన అత్యాచారం కూడా అతని ఆస్తిని పెంచేదే అయింది. మరి తెల్ల స్త్రీ కడుపున నల్లవాడి బిడ్డ పుడితే? తల్లి స్వతంత్రురాలు కనక బిడ్డా స్వతంత్రుడే. ఇక్కడ చిక్కొచ్చింది. 1664లో మేరీలాండ్ శాసనం, బానిసను పెళ్లాడిన ఇంగ్లీషు స్త్రీ భర్త బతికినన్నాళ్లూ అతని యజమానికి ఊడిగం చేయాలంది, పిల్లల్ని బానిసల్ని చేసింది. 1691లో వర్జీనియా, నల్లవాళ్లనో ఆదివాసులనో పెళ్లాడిన తెల్లవాళ్లను వలస నుంచే వెళ్లగొట్టమంది. పెళ్లి లేకుండా నల్లవాడి బిడ్డను కన్న తెల్ల స్త్రీకి 15 పౌన్ల జరిమానా, కట్టలేకపోతే అయిదేళ్ల వెట్టి. ఆ బిడ్డకు 30 ఏళ్లు వచ్చేదాకా వెట్టి. నల్ల స్త్రీని తల్లిని చేసిన తెల్లవాడికి ఇలాంటి వెట్టి రాయలేదు. శాసనకర్తలు మరిచిపోయారనుకోవడం అమాయకత్వం.

జాతుల కలయికకు ఇంగ్లీషులో స్థిరపడ్డ 'మిసిజనేషన్' అనే తిట్టుమాట పుట్టుక కూడా చిత్రమైనదే. 1863 చివర న్యూయార్కులో వెలువడిన ఒక అజ్ఞాత కరపత్రం అది. జాతులన్నీ కలిసిపోవాలని బానిసత్వ వ్యతిరేకులు కోరుతున్నట్టు రాశారు. నిజానికి రాసింది లింకన్ పార్టీకి ప్రత్యర్థులైన ఇద్దరు పత్రికా రచయితలు, 1864 ఎన్నికల్లో ఆ పార్టీని దెబ్బతీయడానికి! ఒక బూటకం నిఘంటువుకెక్కి చట్టాల్లో దూరింది. మాటలతో పనిచేసే మనం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

బానిసత్వం పోయాక ఆస్తి భయం మానం ముసుగు వేసుకుంది. 1892 మార్చిలో మెంఫిస్‌లో ముగ్గురు నల్లవాళ్లను జైల్లోంచి లాక్కెళ్లి చంపారు. వాళ్లు చేసిన నేరం ఒక తెల్ల వ్యాపారికి పోటీగా కిరాణా కొట్టు నడపడం. ఆ ముగ్గురిలో ఒకరి స్నేహితురాలైన పత్రికా సంపాదకురాలు ఐడా బి. వెల్స్, మూకహత్యలకు చెప్పే 'మానభంగం' కారణాన్నే ప్రశ్నించింది. అలాంటి చాలా ఆరోపణల వెనక తెల్ల స్త్రీలు ఇష్టపడి పెట్టుకున్న సంబంధాలున్నాయని రాసింది. ఆమె ఊళ్లో లేని సమయంలో పత్రికా కార్యాలయాన్ని ధ్వంసం చేశారు. మానభంగం అన్న అబద్ధాన్ని సహించారు గాని, ప్రేమ అన్న నిజాన్ని సహించలేకపోయారు. 1955లో మిసిసిపీలో ఒక తెల్ల స్త్రీతో చనువుగా ప్రవర్తించాడన్న నెపంతో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల పిల్లవాణ్ణి చంపినప్పుడూ అదే నీతి పనిచేసింది. హంతకులు నిర్దోషులుగా విడుదలై, మరుసటి ఏడు డబ్బు పుచ్చుకుని ఒక పత్రికకు తమ నేరం చెప్పుకున్నారు.

వర్జీనియా 1924లో జాతి స్వచ్ఛత చట్టం చేసింది. ఒంట్లో ఒక్క చుక్క నల్ల రక్తమున్నా తెల్లవాడు కాడు. కాని ఆదివాసి రక్తం పదహారో వంతు దాకా ఉన్నా ఫరవాలేదు. ఎందుకంటే అక్కడి పెద్ద కుటుంబాలు తాము పోకహాంటస్ వంశీకులమని గొప్పలు చెప్పుకునేవి. పెద్దల గోత్రాలకు అడ్డొస్తే శాస్త్రం పక్కకు తప్పుకోవడం మనకు మాత్రం కొత్తా?

రిచర్డ్, మిల్‌డ్రెడ్ లవింగ్ దంపతులు 1958 జూన్‌లో వాషింగ్టన్ వెళ్లి పెళ్లి చేసుకుని సొంతూరు వచ్చారు. అతను తెల్లవాడు, తాపీ మేస్త్రీ. ఆమె నల్లవారి, ఆదివాసుల సంతతి. నెల తిరిగేసరికి అర్ధరాత్రి పడగ్గదిలోకి పోలీసులొచ్చారు. ఏడాది జైలు, పాతికేళ్లపాటు రాష్ట్రం విడిచి ఉంటే శిక్ష నిలిపేస్తామన్నాడు జడ్జి. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టేసింది. తీర్పులో ఒక మాట చాలామంది దృష్టికి రాదు: ఆ చట్టం తెల్లవారితో జరిగే పెళ్లిళ్లనే నిషేధించింది. తెల్లవారు కాని జాతులు తమలో తాము పెళ్లాడితే దానికి పట్టలేదు. జాతుల స్వచ్ఛత అన్నది బుకాయింపు. కాపాడింది ఒక జాతి పెత్తనాన్ని.

చట్టం పోయింది. కోపం? గాలప్ సంస్థ 1958లో అడిగినప్పుడు అలాంటి పెళ్లిళ్లను ఆమోదించినవాళ్లు 4 శాతం. 2021లో 94 శాతం. సంతోషించాల్సిన మార్పే. అయితే అలబామా రాజ్యాంగంలో చచ్చిపడున్న నిషేధాన్ని తీసేయడానికి 2000లో వోటింగు పెడితే, దాదాపు 40 శాతం మంది ఉంచమన్నారు. సర్వే చేసేవాడికి చెప్పే మాట వేరు, చాటుగా వేసే వోటు వేరు.

ఇక మనవాళ్ల సంగతి. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారని తేల్చింది. కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసే పంజాబీలు తెల్ల స్త్రీలను పెళ్లాడే వీల్లేక మెక్సికన్ స్త్రీలను పెళ్లాడారు. 1965 వలస చట్టం తర్వాత డిగ్రీలతో వెళ్లిన మన తెలుగువాళ్లకు ఆ చరిత్ర పట్టలేదు. నా దూరపు బంధువు ఒకాయన తన కూతురి గురించి నాతో అన్నాడు: "తెల్లవాడైతే సరే, సర్దుకుంటాం బావా. నల్లవాడు మాత్రం వద్దు. ఊళ్లో ఎలా తలెత్తుకోవాలి?" ఊరు తెనాలి పక్కన, ఆయన ఉండేది టెక్సస్‌లో. కులం పెట్టెలో పెట్టుకుని విమానమెక్కినవాడికి అక్కడి నిచ్చెనమెట్లు చూపించనక్కరలేదు. మీరా నాయర్ 'మిసిసిపీ మసాలా' (1991) పట్టుకున్నది ఈ రోగాన్నే.

విద్యార్థి మిత్రుడి రెండో కోపానికి వస్తాను. స్పైక్ లీ 'జంగిల్ ఫీవర్' (1991)లో నల్లజాతి స్త్రీలు కొందరు కూచుని, తమ మగవాళ్లు తెల్ల స్త్రీల వెంట పోవడం గురించి మాట్లాడుకునే ఘట్టం ఉంది. అందులోని చేదును 'తిరగేసిన జాతిద్వేషం' అని కొట్టేయడం తేలిక. 2015లో కొత్తగా పెళ్లయిన నల్లజాతి పురుషుల్లో 24 శాతం వేరే జాతివాళ్లను చేసుకుంటే, స్త్రీలలో అది 12 శాతమేనని ప్యూ సంస్థ లెక్క. అందం కొలబద్ద ఎవరి చేతిలో ఉందో వాళ్లకు తెలుసు. తెల్లతనం కోసం నల్లవాడి మనసులో పుట్టే ఆరాటాన్ని ఫానన్ 1952లోనే రాశాడు. అలాగని ఆ కోపం ప్రతిసారీ న్యాయమైందని నేననను. నిజంగా ప్రేమించుకున్న ఒక జంట మీద అది రాళ్లలా పడుతుంది, ఆ జంట ఏ శాసనమూ చేయలేదు. ఇక్కడ నాకూ తెగని పేచీ ఉంది. కాని దాన్ని యజమాని కోపంతో సరితూచే తక్కెడను మాత్రం ఒప్పుకోను.

సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ జాతుల వేర్పాటు కోసం 1948లో అధ్యక్ష పదవికి పోటీచేశాడు. 1957లో పౌరహక్కుల బిల్లును అడ్డుకోడానికి 24 గంటలకు పైగా నిలబడి ప్రసంగించాడు. 2003లో నూరేళ్ల వయసులో చనిపోయాడు. ఆ డిసెంబరులో ఎస్సీ మే వాషింగ్టన్ విలియమ్స్ అనే 78 ఏళ్ల నల్లజాతి స్త్రీ తాను అతని కూతురినని చెప్పింది. ఆమె పుట్టినప్పుడు తల్లి ఆ ఇంట్లో పనిచేసే 16 ఏళ్ల పిల్ల. కుటుంబం ఒప్పుకుంది. దక్షిణ కరొలినా శాసనసభ ఆవరణలోని అతని విగ్రహం కింద, నలుగురు పిల్లల తండ్రి అని చెక్కి ఉండేది. 2004లో ఆమె పేరు చేర్చి, నాలుగును అయిదుగా దిద్దారు. దిద్దిన గుర్తు రాతిమీద కనిపిస్తుంది.