కె2-236బి: అహ్మదాబాద్ శాస్త్రవేత్తలు తూచిన గ్రహం

భూమికి సుమారు 600 కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడిని పోలిన నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం కె2-236బి. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు అభిజిత్ చక్రవర్తి నేతృత్వంలో 2018లో దీన్ని నిర్ధారించారు.

కెప్లర్ టెలిస్కోపు ముందే దీని జాడ పట్టింది. గ్రహం అడ్డొచ్చినప్పుడల్లా నక్షత్రం వెలుగు కాస్త తగ్గుతుంది. అయితే జంట నక్షత్రాలు కూడా అలాంటి భ్రమే కలిగించగలవు. అందుకే బరువు తూచాల్సి వచ్చింది. గ్రహం ఆకర్షణకు నక్షత్రం స్వల్పంగా ఊగుతుంది. ఆ ఊగిసలాటను మౌంట్ అబూలోని గురుశిఖర్ అబ్జర్వేటరీలో, 1.2 మీటర్ల టెలిస్కోపుకు అమర్చిన 'పరస్' స్పెక్ట్రోగ్రాఫ్‌తో ఏడాదికి పైగా కొలిచారు.

తేలిందేమిటంటే, దీని ద్రవ్యరాశి భూమికి దాదాపు 27 రెట్లు, వ్యాసార్థం 6 రెట్లు. నెప్ట్యూన్ కంటే పెద్దది, శని కంటే చిన్నది. ద్రవ్యరాశి విలువ దాదాపు సగం మేర అటూఇటూ కావచ్చన్నది గుర్తుంచుకోవాలి. ఈ అంకెలతో లెక్కకడితే సగటు సాంద్రత నీటికంటే తక్కువే. అయినా ద్రవ్యరాశిలో 60-70 శాతం మంచు, సిలికేట్లు, ఇనుము వంటి బరువైన పదార్థాలేనని అంచనా. (మంచు అంటే గడ్డకట్టినదని కాదు, నీటివంటి పదార్థాలకు ఖగోళ శాస్త్రం వాడే పేరు.) గ్రహాన్ని అంతగా ఉబ్బించింది మిగిలిన తేలిక వాయువులే.

అక్కడ ఏడాదంటే 19.5 రోజులే. భూమి-సూర్యుల మధ్య దూరంలో ఏడో వంతులోనే నక్షత్రం ఉండటంతో ఉపరితల ఉష్ణోగ్రత 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరువ. జీవం ప్రసక్తే లేదు. నక్షత్రానికి అంత దగ్గరగా ఇలాంటి గ్రహాలు ఎలా ఏర్పడతాయన్నదే అసలు ప్రశ్న. ఈ శ్రేణిలో ద్రవ్యరాశి, పరిమాణం రెండూ కచ్చితంగా కొలిచినవి అప్పటికి, దీంతో కలిపి, 23 మాత్రమే.