లేజర్ కంటి చికిత్స: కళ్లద్దాలు తీసివేసే ముందు తెలుసుకోవలసిన విషయాలు

ఇంద్రియాలన్నింటిలోను నయనం ప్రధానమన్నది పెద్దల మాట. హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి, ఆస్టిగ్మాటిజం వంటి దృష్టి దోషాలను సవరించి కళ్లద్దాల అవసరాన్ని తగ్గించే లేజర్ చికిత్స పట్ల యువతీ యువకులు ఆసక్తి చూపుతున్నారు. వివాహ ప్రయత్నాలు, ఉద్యోగ నియామకాల సమయంలో ఈ చికిత్స నిమిత్తం ఆసుపత్రులను ఆశ్రయించేవారు ఉన్నారు. శస్త్రచికిత్స కొద్ది నిమిషాలలోనే ముగుస్తుంది. అయితే లేజర్ కిరణంతో తొలగించిన కార్నియా కణజాలాన్ని తిరిగి అమర్చడం సాధ్యం కాదు. కనుక ఈ చికిత్స తమకు తగినదా కాదా అన్న నిర్ణయాన్ని సమగ్ర పరీక్షల అనంతరమే తీసుకోవలసి ఉంటుంది.

చికిత్సా పద్ధతులు

కంటి ముందుభాగంలో పారదర్శకంగా ఉండే పొరను కార్నియా అంటారు. దీని వంపును మార్చి, కాంతి కిరణాలు రెటీనాపై సరిగా కేంద్రీకృతమయ్యేలా చేయడమే ఈ చికిత్స ఉద్దేశం. ఇందులో మూడు పద్ధతులు ముఖ్యమైనవి.

మొదటిది పి.ఆర్.కె. ఇందులో కార్నియా పైపొరను తొలగించి, దాని అడుగు భాగాన్ని ఎక్సైమర్ లేజర్‌తో సవరిస్తారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1995లో దీనికి అనుమతినిచ్చింది. చికిత్స తర్వాత కొద్ది రోజులు నొప్పి ఉంటుంది. చూపు కుదుటపడడానికి మరికొంత కాలం పడుతుంది. రెండవది లాసిక్. కార్నియాపై పలుచని రేకును కోసి, పక్కకు మడిచి, లోపలి భాగాన్ని లేజర్‌తో సవరించిన పిమ్మట రేకును యథాస్థానంలో ఉంచుతారు. మూడవది స్మైల్. ఇందులో రేకు ఉండదు. కార్నియా లోపల లేజర్‌తో ఏర్పరచిన చిన్న కణజాలపు బిళ్లను సన్నని కోత ద్వారా వెలికి తీస్తారు. ఈ పద్ధతికి అమెరికాలో 2016లో అనుమతి లభించింది.

మధుమేహ రోగుల రెటీనాకు, శుక్లాల ఆపరేషన్ అనంతరం ఏర్పడే పొరకు చేసే లేజర్ చికిత్సలు వీటికి పూర్తిగా భిన్నమైనవి.

ఎవరికి తగినది, ఎవరికి కాదు

సాధారణంగా 18 సంవత్సరాలు నిండి, గడచిన ఏడాది కాలంలో సైటు 0.5 డయాప్టర్‌కు మించి మారనివారినే ఈ చికిత్సకు పరిశీలిస్తారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీనిని వాయిదా వేసుకోవాలి. అదుపులో లేని మధుమేహం, రుమటాయిడ్ కీళ్లవాతం, నీటికాసులు, కళ్లు తీవ్రంగా పొడిబారడం వంటి సమస్యలున్నవారు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవారు ఆ విషయాలను వైద్యునికి ముందుగా తెలియజేయాలి.

కార్నియా మందం అత్యంత కీలకమైనది. ఇది సగటున 540 మైక్రాన్లు ఉంటుంది. లాసిక్‌లో ఒక్కొక్క డయాప్టర్ సవరణకు సుమారు 14 మైక్రాన్ల కణజాలం ఖర్చవుతుంది. రేకు అడుగున కనీసం 250 మైక్రాన్లు మిగలాలన్నది కంటి వైద్యులు పాటించే ప్రమాణం. ఉదాహరణకు 470 మైక్రాన్ల కార్నియా గల వ్యక్తికి 8 డయాప్టర్ల హ్రస్వదృష్టి ఉన్నదనుకుంటే, రేకుకు 110, సవరణకు 112 మైక్రాన్లు పోగా 248 మాత్రమే మిగులుతాయి. అటువంటి వారికి లాసిక్ తగినది కాదు.

కార్నియా క్రమంగా పలుచబడి శంఖువులా ముందుకు పొడుచుకు వచ్చే వ్యాధిని కెరటోకోనస్ అంటారు. తొలి దశలో దీని లక్షణాలు పైకి కనిపించవు. ఈ వ్యాధి ఉన్నట్లు గుర్తించకుండా లాసిక్ చేసినట్లయితే కార్నియా మరింత బలహీనపడి చూపు దెబ్బతింటుంది. అందుచేత కార్నియా ఆకృతిని చిత్రించే టోపోగ్రఫీ పరీక్ష తప్పనిసరి. కుటుంబంలో ఎవరికైనా ఈ వ్యాధి ఉన్నా, కళ్లు తరచు నలుపుకొనే అలవాటు ఉన్నా వైద్యునికి చెప్పాలి. కాంటాక్ట్ లెన్సులు కార్నియా ఆకృతిని తాత్కాలికంగా మారుస్తాయి. కనుక పరీక్షకు ముందు మెత్తని లెన్సులను సుమారు రెండు వారాలు, గట్టి లెన్సులను అంతకంటె ఎక్కువ కాలం మానివేయవలసి ఉంటుంది.

పరిమితులు

చికిత్స అనంతరం కొన్ని నెలలపాటు కళ్లు పొడిబారడం, రాత్రివేళ దీపాల చుట్టూ వలయాలు కనిపించడం సాధారణం. కొద్దిమందిలో ఇవి దీర్ఘకాలం కొనసాగవచ్చు. 2022 జూలైలో అమెరికా నియంత్రణ సంస్థ విడుదల చేసిన ముసాయిదా మార్గదర్శకం ఇటువంటి ఇబ్బందులను రోగులకు ముందే విశదీకరించాలని ప్రతిపాదించింది.

లేజర్ చికిత్స చత్వారాన్ని నివారించదు. నలభై ఏళ్లు దాటిన పిదప చదవడానికి అద్దాలు అవసరం కావచ్చు. అధిక హ్రస్వదృష్టి గలవారికి రెటీనా ఊడిపోయే ముప్పు చికిత్స తర్వాత కూడ ఉంటుంది. కనుక వారు రెటీనా పరీక్షలను కొనసాగించాలి.

ఉద్యోగార్థులకు హెచ్చరిక

ఉద్యోగం కోసమే ఈ చికిత్స చేయించుకొనేవారు సంబంధిత నియామక ప్రకటనలోని వైద్య ప్రమాణాలను ముందుగా చదవాలి. రైల్వే నియామక మండళ్లు 2024లో వెలువరించిన అసిస్టెంట్ లోకో పైలట్ ప్రకటన ప్రకారం లాసిక్ చేయించుకున్న అభ్యర్థులు ఆ ఉద్యోగానికి అనర్హులు. రక్షణ దళాలు, పోలీసు విభాగాల నిబంధనలు ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క విధంగా ఉంటాయి. ఒకసారి చికిత్స జరిగిన తర్వాత ఈ అనర్హతను తొలగించుకొనే మార్గం లేదు.

బీమా, జాగ్రత్తలు

బీమా నియంత్రణ సంస్థ 2019లో నిర్దేశించిన ప్రామాణిక మినహాయింపుల ప్రకారం, 7.5 డయాప్టర్లకు లోపు దృష్టి దోషానికి చేసే చికిత్స ఖర్చును బీమా సంస్థలు మినహాయించవచ్చు. కనుక పాలసీ పత్రాన్ని ముందే పరిశీలించడం మంచిది.

శస్త్రచికిత్స చుక్కల మందుతో కంటికి మత్తు ఇచ్చి చేస్తారు. ఆ రోజు వాహనం నడపరాదు. తోడుగా ఒకరిని వెంట తీసుకువెళ్లాలి. తర్వాత కళ్లు నలుపుకోరాదు. మందు చుక్కలను వైద్యుడు సూచించినన్ని రోజులు వాడాలి. నొప్పి పెరిగినా, చూపు మందగించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చికిత్సకు ముందునాటి సైటు, కార్నియా కొలతల పత్రాలను జీవితాంతం భద్రపరచుకోవాలి. వృద్ధాప్యంలో శుక్లాల ఆపరేషన్ జరిగే నాడు, కంటిలో అమర్చే లెన్సు శక్తిని నిర్ణయించడానికి ఈ కొలతలు వైద్యునికి ఎంతో తోడ్పడతాయి.