ఎండ్యూర్, సహనం, సాహసం

మొన్న టీమ్ మీటింగులో మా మేనేజరు గారు "ఇంకో రెండు నెలలు ఎండ్యూర్ చేయండి, రిలీజ్ అయిపోతుంది" అన్నారు. ఆ "ఇంకో రెండు నెలలు" మొదలై ఇప్పటికి ఎనిమిది నెలలు, అది వేరే సంగతి :) ఆ రాత్రి నిద్ర పట్టక, అసలీ ఎండ్యూర్ అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతకడం మొదలెట్టాను. బగ్గు కనిపిస్తే రూట్ కాజ్ చూడటం అలవాటైపోయింది కదా!

దీని వేరు లాటిన్లో ఉంది. "డ్యూరస్" అంటే గట్టిది, "ఇండ్యూరారే" అంటే గట్టిపరచడం. ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దానికల్లా ఇంగ్లీషులో స్థిరపడింది. అంటే ఎండ్యూర్ చేయడమంటే, పార పట్టి పట్టి చేతులు కాయలు కాసినట్టు మనిషి గట్టిపడటం అన్నమాట. డాక్టర్లు ఇప్పటికీ ఆ పాత అర్థాన్ని వదల్లేదు. క్షయ పరీక్ష కోసం చేతికి సూది వేసి, రెండు మూడు రోజులయ్యాక అక్కడ గట్టిపడినంత మేరా మిల్లీమీటర్లలో కొలుస్తారు. దాన్ని ఇండ్యూరేషన్ అంటారు.

ఈ డ్యూరస్ సంతానం పెద్దదే. మన్నే వస్తువు డ్యూరబుల్, పట్టే కాలం డ్యూరేషన్. ఇంకోటుంది, డ్యురెస్. అంటే బెదిరించి, ఒత్తిడి పెట్టి పని చేయించుకోవడం. అలా పెట్టించిన సంతకం కోర్టులో నిలవదు. చూశారా, ఓర్చుకోవడమూ, బలవంతపెట్టడమూ ఒకే ఇంటి పిల్లలు!

మరి మన మాటల సంగతి? "భరించు" అంటే మోయడం. ఇంగ్లీషు "బేర్", సంస్కృతం "భృ" రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే. కానీ అసలు తమాషా "సహించు"లో ఉంది. దీని ధాతువు "సహ్". ఋగ్వేదంలో దానికి ముఖ్యమైన అర్థం ఓర్చుకోవడం కాదు, ఎదుటివాణ్ణి గెలవడం. "సహస్సు" అంటే బలం. "సాహసం" పుట్టింది అందులోంచే. అంటే సహనం, సాహసం స్వయానా దాయాదులు. కాలం గడిచేకొద్దీ సాహసం వీధిలో నిలబడింది, సహనం మాత్రం ఇంట్లో తలొంచుకుని కూర్చుంది.

ఇది చదవగానే నాకు మా ఊరి రోడ్డు గుర్తొచ్చింది. మాది బుచ్చయ్యపేట. 2022 దాకా విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. భీమిలి నుంచి నర్సీపట్నం పోయే రోడ్డు చోడవరం దాటాక మా మండలంలోని వడ్డాది మీదుగానే వెళుతుంది. నర్సీపట్నం నుంచి ఘాటీ ఎక్కితే లంబసింగి, ఆపైన చింతపల్లి. మనం చలికాలంలో మంచు చూడ్డానికి ఎగబడి పోయే దారే!

సుమారు వందేళ్ళ కిందట ఆ నర్సీపట్నం-చింతపల్లి రోడ్డు పనిని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత బలవంతంగా చేయించాడు. కూలి చాలీచాలనిది. అప్పటికే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడు మీద ఆంక్షలు పెట్టింది. వాళ్ళు భరించారు, సహించారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజుతో కలిసి చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. 1924 మే 7న రాజును కాల్చి చంపేదాకా సర్కారుకి కంటి మీద కునుకు లేదు.

మనం ఈ కథని 1922 ఆగస్టులో మొదలెడతాం, సాహసం దగ్గర. అంతకు ముందున్న సహనాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నిజానికి 1879లో రంపలో, 1886లో గూడెంలో కూడా కొండవాళ్ళు తిరగబడ్డారు. ఆ తిరుగుబాట్లని అప్పట్లో "పితూరీ" అనేవాళ్ళు. ఇప్పుడు పితూరీ అంటే ఒకరి మీద ఇంకొకరికి చాడీలు చెప్పడం. ప్రభుత్వాన్ని వణికించిన మాటకి ఎంత గతి పట్టిందో చూడండి! సహనానికి జరిగిందే దీనికీ జరిగింది.

నా శనివారం కాల్స్‌ని ఆ వెట్టిచాకిరీతో పోల్చడం లేదు. నాకు నెలాఖరుకి జీతం పడుతుంది, నెత్తిన ఏసీ ఉంది. వాళ్ళ కష్టం ముందు నాది కష్టమే కాదు. కానీ "ఓర్చుకోండి" అని చెప్పేవాడు ఒకడు, ఓర్చుకునేవాడు ఇంకొకడు అయినప్పుడు, ఎన్నాళ్ళు అని అడిగే హక్కు రెండోవాడికి ఉండాలి కదా? ఎండ్యూర్ చేయమన్నవాళ్ళు డ్యూరేషన్ కూడా చెప్పాలి. లేకపోతే అది మెల్లగా డ్యురెస్ అయిపోతుంది.

నిన్న మేనేజరు గారికి ఒకే ఒక్క లైను మెయిలు పెట్టాను, తేదీ ఎప్పుడని. టీమ్ మొత్తాన్నీ సీసీలో పెట్టాను. పెద్ద సాహసమేమీ కాదు గానీ, పంపే బటన్ నొక్కేటప్పుడు చెయ్యి మాత్రం కాస్త వణికింది. జవాబు ఇంకా రాలేదు.