గుడి గోడలే చరిత్ర పాఠం

1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఒక కుర్రాడు పంతులుగా చేరాడు. పేరు గిడుగు వెంకట రామమూర్తి. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం పక్కనున్న పర్వతాలపేట ఆయన సొంతూరు.

చరిత్ర చెప్పాల్సిన పంతులుకు పుస్తకంలోని రాజుల జాబితా సరిపోలేదు. పుట్టినూరి చెంతనే శ్రీముఖలింగంలో మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలున్నాయి. వాటి రాళ్ల మీద గాంగరాజుల నాటి శాసనాలున్నాయి. పాత లిపి నేర్పే గురువు దొరకలేదు. తానే అక్షరం అక్షరం పోల్చుకుంటూ చదవడం నేర్చాడు. గాంగుల రాజధాని కళింగనగరం ఈ శ్రీముఖలింగమేనని వాదించాడు. ఊరి గుడినే ఆధారంగా నిలబెట్టిన ఆ సాహసం నేటి బడులకూ కావాలి.

పాఠాలు చెబుతూనే 1896లో చరిత్ర ముఖ్యాంశంగా బి.ఏ. పూర్తిచేశాడు.

చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాష కూడా నేర్చి, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే వాచకాలు రాశాడు. సొంత డబ్బుతో బడులు నడిపాడు. బడి పుస్తకాల్లో జనం మాట్లాడే తెలుగే ఉండాలని ఆయన తర్వాత చేసిన వాదానికి వేళ్లు ఇక్కడే ఉన్నాయనిపిస్తుంది. 1907 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారి జె.ఏ. యేట్స్‌కు ఒక సందేహం వచ్చింది: జనం మాట్లాడే తెలుగు వేరు, పుస్తకాల తెలుగు వేరు, ఎందుకు? ఆ ప్రశ్న గిడుగు దగ్గరికీ విజయనగరంలో రచయిత గురజాడ దగ్గరికీ చేరింది. 1911లో ఉద్యోగం వదిలిన గిడుగు వాడుక తెలుగు కోసం పోరాటాన్ని మాత్రం వదల్లేదు. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టాడు.