గడియ తుపాకి – గురిని నిలిపే కొలత

తెనాలిలో బంగారుపని చేసే ఒక పెద్దాయన దిద్దుల జతను చేతికిచ్చేటప్పుడు ఒక మాట తప్పక చెప్పేవారు: "అమ్మా, కుడిదిద్దు శీల ఎడమదానికి పెట్టవద్దు." శీలలకు మరలను ఆయన చేతితోనే కోసేవారు. చూపునకు రెండూ ఒకటే. కాని తారుమారైనచో ఒకటి సగంలో బిగుసుకొంటుంది, రెండవది వదులై ఊడిపోతుంది. ఒకే చేయి, ఒకే పనిముట్టు, ఒకే దినం. ఐనప్పటికీ రెండు మరలు ఒకటి కాలేదు.

తుపాకుల చరిత్రలో రెండు శతాబ్దాలకు పైగా సాగిన ఒక వివాదం ఈ చిన్న శీలలోనే ఇమిడి ఉన్నది. గురి తప్పని తుపాకి కావలెనన్నచో, ఒక్కొక్కదానిని ప్రత్యేకంగా అమర్చి చేయవలెనా? లేక కర్మాగారంలో వేలకొలది ఒకే తీరున చేసినది చాలునా?

గడియ చేసే పని

మన తలుపు గడియను ముందుకు తోసి క్రిందికి త్రిప్పితే తలుపు కదలదు. బోల్ట్ రైఫిల్ పనితీరు కూడ ఇదే. కావున దానిని గడియ తుపాకి అనవచ్చును. 1841లో ప్రష్యా సైన్యం స్వీకరించిన ఇటువంటి తుపాకిని కల్పించిన డ్రైసే, తాళాలు చేసే పనివాని కుమారుడు!

గడియను, అది ముందువెనుకలకు జరిగే ఉక్కు దేహాన్ని కలిపి 'యాక్షన్' అంటారు. దేహానికి ముందువైపున గొట్టం మరతో బిగిసి ఉంటుంది. సాధారణంగా గడియ కొనవద్ద రెండు చెవులు ఉంటాయి. పిడి త్రిప్పగానే అవి దేహంలోని గాళ్లలో చిక్కుకొని తూటాను వెనుకనుండి అదిమిపట్టుతాయి.

7.62 మిల్లీమీటర్ల తూటా పేలినప్పుడు గడియ ముఖంపై పడే బలం సుమారు మూడు టన్నులు. ఆ బరువును రెండు చెవులూ సమంగా మోయవలెను. ఒక చెవి ఆని, రెండవదాని వెనుక వెంట్రుకవాసి సందు ఉన్నచో గడియ ప్రక్కకు ఒరుగుతుంది. ఆ తాకిడికి గొట్టం బెత్తం వలె కంపిస్తుంది. గుండు ఇంకను గొట్టం విడువక ముందే ఇదంతా మొదలవుతుంది.

ఆ కంపం ఎంత స్వల్పమైనా లెక్కకు వస్తుంది. డిగ్రీలో 60వ వంతును మన పంచాంగకర్తలు 'కళ' అంటారు. తెనాలినుండి రేపల్లెకు సూటిగా చూచినచో సుమారు 30 కిలోమీటర్లు. తెనాలిలో నిలిచి చూచే చూపు ఒక కళ ప్రక్కకు తొలగినచో రేపల్లెలో అది సుమారు 9 మీటర్ల తేడా అవుతుంది. రైఫిల్ పోటీలలో 50 మీటర్ల దూరాన పది గుణాలు తెచ్చే వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అనగా కళలో ముప్పాతిక కన్న తక్కువ.

ఆకురాయినుండి అచ్చునకు

పూర్వం తుపాకిని ఆకురాయితో అరగదీసి, ముక్కకు ముక్కను సరిపుచ్చి చేసేవారు. మన దిద్దు శీల వలెనే ఒకదాని ముక్క మరొకదానికి పట్టేది కాదు. యుద్ధంలో చిన్న ముక్క విరిగినా మళ్లీ పనివాని వద్దకు పోవలసినదే. 1785లో పారిస్‌లో హోనొరే బ్లాంక్ అనే ఫ్రెంచి నిపుణుడు 50 చెకుముకి యంత్రాలను విప్పి ముక్కలను కలగాపులగంగా పెట్టినాడు. అప్పట్లో అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న జెఫర్సన్ చేతికి వచ్చిన ముక్కలను ఏరి తానే కొన్నింటిని కూర్చినాడు. అన్నియు చక్కగా అమరినవి. ఆ సంగతిని ఆయన వెంటనే స్వదేశానికి వ్రాసినాడు. 1819లో జాన్ హాల్ అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసికొని, హార్పర్స్ ఫెర్రీలో యంత్రాల సహాయంతో ఈ పద్ధతిని సాధించినాడు. 1850లలో ఇంగ్లండు తన ఎన్‌ఫీల్డ్ కర్మాగారానికి అమెరికన్ యంత్రాలను తెప్పించుకొన్నది.

యంత్రం ఒక్కటే చాలదు, కొలత కావలెను. ఈ సంగతిని అందరికంటె బాగుగా గ్రహించినవాడు జోసెఫ్ విట్వర్త్. ఇంగ్లండులో ఒక్కొక్క కార్ఖానా మర ఒక్కొక్క తీరున ఉండే రోజులలో, 1841లో, ఆయన మరలకు ఒకే ప్రమాణాన్ని ప్రతిపాదించినాడు. అంగుళంలో పది లక్షలవ వంతు తేడాను కనిపెట్టే యంత్రాన్ని నిర్మించినాడు. ఆ కొలతలతోనే రైఫిల్ కూడ చేసినాడు. 1860లో వింబుల్డన్ మైదానంలో ఆధారంపై కదలకుండా బిగించిన విట్వర్త్ రైఫిల్‌ను విక్టోరియా రాణి ప్రేల్చగా, 400 గజాల దూరాన గుండు గురిమధ్యకు సుమారు ఒకటిన్నర అంగుళాలలో తగిలినది.

మనకు తెలిసిన త్రీ నాట్ త్రీ

జర్మనీలో 1898 నాటి మౌజర్ యాక్షన్‌లో చెవులు గడియ ముందు కొనవద్ద ఉన్నవి. 1895లో వచ్చిన బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్‌లో అవి వెనుకవైపున ఉన్నవి. కలకత్తా వద్ద ఇషాపూర్ కర్మాగారంలో 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో తయారీ మొదలై, మన పోలీసుల భుజాన చిరకాలం వ్రేలాడిన 303 తుపాకి ఈ జాతిదే.

నేను బాపట్లలో చదువుకొనే రోజులలో ఒక ఎన్.సి.సి. శిబిరంలో పాత 303 తుపాకులను విప్పి తుడిచే పాఠం జరిగినది. మేము నలుగురం తొందరలో గడియలను గోనెపట్టాపై ఒకేచోట కుప్ప పోసినాము. హవల్దారుగారు చూచి మండిపడినారు. "నంబరు చూడండి! ఎవరి గడియ వారిదే!" అని ప్రతి గడియను దాని దేహంపై గల అంకెతో సరిచూపించి, తప్పు తేలిన ఇద్దరిచేత మైదానం చుట్టూ పరుగు తీయించినారు. వారిలో నేనొకడను. యంత్రంపై వేలకొలది చేసిన వస్తువునకు ఈ మడి ఎందుకని ఆనాడు మనసులో విసుక్కొన్నాను.

కారణం తరువాత తెలిసినది. గడియ ముఖానికి, తూటా అంచు ఆనే చోటుకు మధ్య దూరం 0.064, 0.074 అంగుళాల మధ్య ఉండవలెను. అనగా వాడుకకు దొరికే వెసులుబాటు అంగుళంలో నూరవ వంతు మాత్రమే. అది మితిమీరినచో తూటా తొడుగు తెగి, వేడి వాయువు ప్రేల్చేవాని ముఖంవైపు రావచ్చును. కర్మాగారపు దేహాలన్నియు ఇంత సరిగా రావు గనుక గడియతలను విడి ముక్కగా చేసి, సరిపోయే పొడవుదానిని ఎంచి బిగించేవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు నాలుగవ నమూనాలో ఈ తలలకు 0 నుండి 3 వరకు అంకెలే ఉండేవి. చూచితిరా! యంత్రయుగపు తుపాకిలో కూడ దిద్దు శీల దాగి ఉన్నది.

ఇది కర్మాగారపు అసమర్థత అనరాదు. బురదలోను ఇసుకలోను కూడ గడియ జారవలెనన్నచో కొంత వదులు ఉండి తీరవలెను. సిపాయికి కావలసినది మొదట నమ్మకం, తరువాత గురి.

ప్రత్యేక యాక్షన్ల రాక

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో రైఫిల్‌ను బల్లపై ఆనించి కాల్చే పోటీలు ప్రబలి, 1951లో జాతీయ సంఘం ఏర్పడినది. ఇందులో చేయి వణకడమనే సాకు లేదు, లోపమంతా తుపాకిదే. పోటీదారులు కర్మాగారపు యాక్షన్లను లేత్‌పైకి ఎక్కించి దిద్దసాగినారు. గడియ ముఖాన్ని గొట్టపు అక్షానికి లంబంగా చేయడం, రెండు చెవులూ సమంగా ఆనేటట్లు రుద్దడం, దేహపు మరను అక్షానికి సరిగా తిరిగి కోయడం – ఇవే ముఖ్యమైన పనులు. ఆ పోటీలు ఎరిగిన మైక్ వాకర్ రెమింగ్టన్ కంపెనీలో రూపొందించిన 700 నమూనా 1962లో వచ్చినది. దాని దేహం గుండ్రని స్తంభాకారం కావడంతో లేత్‌పై దిద్దడం సులువైనది. చివరకు, దిద్దుటకంటె మొదటినుండి సరిగా చేయడమే మేలని తలచినవారు ప్రత్యేక యాక్షన్లను చేసి అమ్మసాగినారు.

ఇక్కడనే కథ మలుపు తిరిగినది. నేటి ప్రత్యేక యాక్షన్ ఆకురాయి పట్టిన చేతిలో పుట్టదు. అంకెలు చెప్పినట్లు నడిచే కంప్యూటర్ యంత్రంపై, గట్టిపరచిన ఉక్కులో పుట్టుతుంది. మరొకవైపు, ఒలింపిక్ తరహా .22 పోటీలలో పేరుపొందిన జర్మన్ ఆన్‌షుట్జ్, వాల్టర్ రైఫిళ్లు కర్మాగారంలో చేసినవే. 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడలలో మన హైదరాబాదు గగన్ నారంగ్ 50 మీటర్ల ప్రోన్ పోటీలో రజతం గెలిచినాడు. ఈ పోటీలో వాడేవి సాధారణంగా గడియ తుపాకులే.

కావున చేతికి, యంత్రానికి మధ్య పోటీ అన్నది పైకి కనిపించే తగవు మాత్రమే. అసలు ప్రశ్న ఎంత తేడాను సహింతుము, దానిని కనిపెట్టుటకు ఎంత శ్రమ పడుదుము అనునదే. అంగుళంలో నూరవ వంతు సహించిన కర్మాగారం సైన్యానికి తుపాకి ఇచ్చినది. వెయ్యవ వంతును కూడ సహింపనివాడు పోటీకి తుపాకి ఇచ్చినాడు. కొలత బిగిసిన కొద్దీ వెల పెరుగుతుంది. ఎక్కడ ఆగవలెనో అవసరమే నిర్ణయిస్తుంది.

మా ప్రయోగశాలలో విద్యార్థులు స్క్రూగేజితో తీగ మందాన్ని మిల్లీమీటరులో నూరవ వంతు వరకు కొలుస్తారు. చివరి అంకెను ప్రక్కవాని పుస్తకంలో చూచి వ్రాసే అలవాటు కొందరికి కలదు. అట్టివారికి ఇప్పుడు నేను శిబిరంలోని గడియల కుప్ప కథ చెప్పుతున్నాను. ఆ చివరి అంకెలోనే గురి ఉన్నది. ఒక్కొక్కప్పుడు ప్రేల్చేవాని కన్ను కూడ ఉన్నది.